తొలి పువ్వు లడ్డూ

ఎకోసిస్టమ్ అనే మాట వింటే నాకిప్పుడు చిరాకు. ఆ మాట మీదే నెలనెలా జీతం తీసుకుంటున్నాను, అదీ నిజమే. ఖానాపురం హవేలిలో ఇల్లు, పినపాక వైపు గూడేల్లో పని. ఆడవాళ్లను వ్యాపారవేత్తలుగా తయారుచేస్తామనే ఒక సంస్థలో ట్రైనర్‌ని. మా డైరెక్టరు హైదరాబాదు నుంచి వచ్చి, అడవి అంచున కారు దిగి, ఇక్కడ ఎకోసిస్టమ్ లేదు, మనమే కట్టాలి అంటాడు.

ఒక గూడెంలో కోయ ఆడవాళ్లు కొందరు రేకుల షెడ్డులో కలిసి కూర్చుని ఇప్పపువ్వు లడ్డూలు చుట్టి సంతలో అమ్ముకునేవారు. వాళ్లలో పెద్దా చిన్నా అంటూ ఎవరూ లేరు. అది మా సంస్థకు నచ్చలేదు. ఫౌండర్ అని ఒకరుండాలట. తెలుగు బాగా మాట్లాడే ఆమెను పట్టుకుని ఫౌండర్‌ని చేశారు. ఆమె నవ్వి మళ్లీ లడ్డూలు చుట్టుకుంది.

పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారని భద్రాచలంలో సభ పెట్టారు. సరిగ్గా ఇప్పపువ్వు రాలే కాలం. ముందురోజు సభకని ఇంట్లో తనే లడ్డూలు చుడుతూ ఆమె నాతో అంది: "ఇది పోయినేడు ఎండబెట్టిన పువ్వు మేడం. కొత్తది ఏరి పెట్టినం గని, ఊర్ల పండుగ గాకముందు నోట్ల పెట్టం."

ఆ సంగతి డైరెక్టరుకు చెప్పాను. తలూపాడు. మర్నాడు మైకు పట్టుకుని, ఈ సీజన్ తొలి పువ్వు, నిన్ననే చెట్టు నుంచి రాలింది అని ఇంగ్లీషులో దంచాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కెమెరా వాళ్లు అడిగితే నవ్వుతూ తనూ ఒక లడ్డూ కొరికింది. ఆ వీడియో కింద డైరెక్టరు మాటలు తెలుగులో వేసి వదిలారు. గూడెంలో అందరి దగ్గరా ఫోన్లున్నాయి.

మళ్లీ నేను వెళ్లేసరికి షెడ్డులో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. మిగతావాళ్లు వేరే ఇంటి అరుగు మీద లడ్డూలు చుడుతున్నారు. ఊరి పెద్ద దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"ఆమెను మేం ఎల్లగొట్టలే మేడం. మైకుల జెప్పినాయన పండుగనాడొచ్చి, అది పాత పువ్వేనని నలుగుర్ల ఒక్క మాట జెప్తే సాలు. అందరితోని ఆమెకు గూడ ఆకుల కొత్త పువ్వు పెడ్తం."

ఒక్క మాట. ఆఫీసు గదిలో అది అడిగితే మా డైరెక్టరు, "పాత సరుకని నా నోటితో చెప్పమంటారా? బ్రాండ్ ఏమైపోవాలి?" అన్నాడు. అంతలోనే, "అంటే ఊళ్లో ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదా?" అని ఆరా తీశాడు. ఆ గొంతులో జాలి లేదు. సంబరం ఉంది. నాకు ఆ గదిలో కూర్చోవాలన్నా రోత పుట్టింది.

పండుగకు ముందురోజు లడ్డూ డబ్బాల కోసం ఆమె, నేను భద్రాచలం బస్టాండులో దిగాం. ఎదురుగా మా సంస్థ ఫ్లెక్సీ. అందులో లడ్డూ కొరుకుతూ ఆమె. కింద ఎర్రటి అక్షరాలు: ఊరు వెలివేసినా ఆగని ఫౌండర్.

ఆమె కూడబలుక్కుని చదివింది.

"నన్ను ఊరెప్పుడు ఎలేసింది మేడం?"

నేను ఫ్లెక్సీ తాళ్లు విప్పడానికి పోయాను. చేతికి అందనంత ఎత్తున కట్టారు. ఈలోగా మా వెనకే పినపాక బస్సు వచ్చి ఆగింది. దిగుతున్నవాళ్లలో ఆమె గూడెం ఆడవాళ్లున్నారు. వాళ్లు తలెత్తి ఫ్లెక్సీ చూశారు, ఆ తర్వాత ఆమెను చూశారు.

"రేపు ఆ సారొచ్చి జెప్తే ఆకు పెడ్తమన్నరు గద," అంది ఆమె మెల్లగా. "గిది జూసినంక ఎట్ల పెడ్తరు?"