మొయినాబాద్‌లో కరెంటు లేదు, గెలాక్సీలో తీగ రంగు మారింది

నా థీసిస్ చదువుతున్న మాస్టారు రిటైరయ్యాక మొయినాబాద్ అవతలి ప్రొద్దుటూరు దగ్గర తోటలో ఉంటున్నారు. ఆయన సరేనంటేనే నా నాలుగేళ్ల పని ముందుకు కదులుతుంది. ఈ ప్రయాణం అందుకే. మెహదీపట్నంలో పొద్దున్నే చేవెళ్ల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. మొయినాబాద్‌కు గంట వేసుకోండి.

గెలాక్సీలు గుంపులుగా ఉంటాయి. గుంపు నడుమ ఉండే పెద్ద గెలాక్సీలో వేడి వాయువు చల్లబడి పొడవాటి తీగల్లా సాగుతుంది. ఆ తీగలు లోపలికి పడుతున్నాయా, బయటికి పోతున్నాయా అన్నదే నా పని. పడుతున్నాయని రాశాను. బస్సులో పేజీలు తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. మనకు దూరమయ్యే వాయువుకు ఎరుపు, మన వైపు వచ్చేదానికి నీలం వేస్తాం. గెలాక్సీకి మన వైపున్న తీగ లోపలికి పడుతుంటే మనకు దూరమవుతున్నట్టే, కాబట్టి ఎర్రగా ఉండాలి. నా బొమ్మలో నీలంగా ఉంది. రంగొక్కటే తారుమారైతే పర్వాలేదు. లెక్కలోనే ప్లస్సు, మైనస్సు మారి ఉంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. చూద్దామంటే లాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు.

మొయినాబాద్‌లో దిగి, మొదట కనిపించిన టిఫిన్ హోటల్లో దూరి, దోసెలు వేస్తున్న అవ్వను ప్లగ్గు అడిగాను.

"కరెంట్ పోయింది బిడ్డా. జర కూసో."

"ఎప్పుడొస్తుందవ్వా?"

"వచ్చినప్పుడు ఎర్కైతది. ఫికర్ చేస్తే జల్ది వస్తదా? తిను."

దోసె గొంతు దిగలేదు. భయమేసింది, దాచడమెందుకు. తిరగని ఫ్యాను వంకే చూస్తూ కూర్చున్నాను. ఎట్టకేలకు అది తిరిగింది. ప్లగ్గు పెట్టి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. బొమ్మ అందంగా కనిపించాలని రంగుల వరుస తిప్పి, మర్చిపోయిన ఘనురాలిని నేనే. కానీ మాస్టారి చేతిలో ఉన్న కాపీలో ఆ నీలమే ఉంది.

ఆటో కిరాయి ముందే మాట్లాడుకోండి. పక్కనున్న ఎంకపల్లి ఊరి డ్రైవరన్న తోటకు రెండొందలని నూట యాభైకి దిగాడు.

"ఏం పని మీద పోతున్నవక్కా?"

"పరీక్షలాంటిదన్నా. ఆకాశంలో గ్యాస్ లోపలికి పోతుందో, బయటికొస్తుందో చెప్పాలి."

"మరి ఎటు పోతున్నది?"

"లోపలికే."

"గదే చెప్పు మరి."

తోటలో మాస్టారు నేరుగా ఆ పేజీయే తెరిచి, తీగ మీద వేలు పెట్టారు. "ఇది లోపలికేనా?"

దారిలో వల్లె వేసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. "లోపలికే సార్. లెక్క సరే, రంగు నేను తిప్పేశాను."  ఆయన చివరి పట్టికకు వెళ్లి ఒక్కో అంకె మీద పెన్సిల్ ఆనిస్తూ పోయారు.  చివరికి బొమ్మ పక్కన "ఎరుపు" అని రాసి, సరేనని సంతకం పెట్టారు.

థీసిస్‌లో కొత్త బొమ్మ వేశాను. పెన్సిల్ రాత ఉన్న పాత పేజీ దాచుకున్నాను. దాన్ని పారేయలేను. అటు వెళ్లేవాళ్లు లాప్‌టాప్ ఇంట్లోనే నిండా చార్జ్ చేసుకోండి. ఆ అవ్వ దోసె రుచి మీకైనా తెలుస్తుంది.