కబ్జా కాదు, కూసునుడు

2013 జులైలో నన్ను తెలుగు సరిహద్దు అవతలి అడవి జిల్లా బీజాపూర్‌లోని ఒక హయ్యర్ సెకండరీ పాఠశాలకు రాజనీతిశాస్త్ర వ్యాఖ్యాతగా బదిలీ చేశారు. పదకొండు, పన్నెండు తరగతులకు పాఠం చెప్పే హోదా అది. నేను పెరిగింది కిరందుల్ గనుల కాలనీలో. ఇంట్లో కోస్తా తెలుగు, బడిలో హిందీ. రెండూ వచ్చు కదా అని కాస్త గర్వం ఉండేది. అది ఎంతోకాలం నిలవలేదు.

ఆ ఏడు పన్నెండో తరగతి ప్రాజెక్టుకు నేనిచ్చిన అంశం, న్యూయార్క్ వాల్‌స్ట్రీట్ పక్క పార్కులో జనం బైఠాయించిన ఉద్యమం. సంపద గుప్పెడు మంది దగ్గర పోగుపడిందని, మిగతా తొంభై తొమ్మిది శాతం తామేనని వాళ్ళ నినాదం. ప్రాజెక్టుకు మౌఖిక పరీక్ష ఉంటుంది. బయటి బడి పరీక్షకుడి ముందు నోరు విప్పకపోతే రాసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. నా బెంగంతా సోడి సమ్మక్క గురించి. ఊసూరు వైపు, తెలుగు బాగా కలిసిన దోర్లీ మాట్లాడే రైతుల పిల్ల. రాత ముత్యాల్లా ఉండేది. హిందీలో చెప్పమంటే తల దించుకునేది. తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో చెప్పేశారు.

ఉద్యమం పేరులోని ‘ఆక్యుపై’ అన్న ఇంగ్లీషు మాటను హిందీలోకి దించి బోర్డు మీద ‘వాల్‌స్ట్రీట్ పర్ కబ్జా’ అని రాశాను. పిల్లల ముఖాలు మాడిపోయాయి. ఆ పార్కు ఎవరిది, పట్టా ఎవరి పేరున ఉంది అని నిలదీశారు. పేదల ఉద్యమం కాస్తా అరగంటలో భూకబ్జా కేసై కూర్చుంది. నేను సర్దేకొద్దీ చిక్కుముడి బిగిసింది. అప్పుడు సమ్మక్క లేచింది.

“కబ్జా పెద్దోళ్ళు జేస్తరు మేడం. ఇది గది గాదు. అంగడిల మా అమ్మ గంప వెట్టుకొని కూసుంటది. అంగడి పైసల్ వసూల్ జేసే ఠేకాదారు లెమ్మన్నా లెవ్వది. ఇది గట్ల కూసునుడు.”

కబ్జా చెరిపేసి ‘కూసునుడు’ అని రాశాను. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ పార్కులో మైకులకు అనుమతి లేక, ఒకరన్న మాటను చుట్టూ ఉన్నవాళ్ళు గట్టిగా తిరిగి చెప్పి వెనకవాళ్ళకు అందించేవారని చెప్పాను. పిల్లలు ఆగుతారా? సమ్మక్క తన మాటలో ఒక ముక్క అంటే ముందు బెంచీ హిందీలో, వెనక బెంచీలు గోండీలో, హల్బీలో అందుకున్నాయి. పక్కగది లెక్కల మాస్టారు ఏం గొడవని వచ్చి, తానూ రెండు ముక్కలు అరిచి వెళ్ళారు.

మౌఖిక పరీక్ష రోజు సమ్మక్క మళ్ళీ తల దించుకుంది. అలాగే తన దోర్లీలోనే మెల్లగా మొదటి ముక్క అంది. వరండాలో వంతు కోసం నిలుచున్నవాళ్ళు దాన్ని హిందీలో అందుకున్నారు. పరీక్షకుడు ఉలిక్కిపడి, ఆపైన పకపకా నవ్వారు. నాలుగో ముక్కకు ఆయన కూడా ‘కూసునుడు’ అంటున్నారు. సమ్మక్క పాసైంది. ఇలా చేయకూడదన్న నియమం నాకు కనబడలేదు, వెతకనూ లేదు.

పదవీ విరమణ దాకా మరే ఉద్యమం పేరునూ నేను అనువదించలేదు. జరిగింది చెప్పి, మీ ఊళ్ళో దీన్నేమంటారని అడిగి, వాళ్ళు చెప్పిన మాటే బోర్డు మీద రాశాను.