మానేసిన సంగతి

మా ఆయనకి యాభై నిండకుండానే మతిమరుపు పట్టుకుంది. మరిచిపోవడం ఆయన వంతు, తల బాదుకోవడం నా వంతు. సొంత మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని, బావా అనే తిట్టేదాన్ని.

ఆయనది పోర్టులో సిగ్నల్‌మేన్ పని. ఓడ అడుగున సరుకు కట్టేవాళ్లు పైన బరువులెత్తే వించి నడిపేవాడికి కనపడరు. ఈయన డెక్కు మీద నిలబడి చేత్తో సైగ చేస్తేనే బరువు లేచేది, దిగేది. పిడికిలి బిగిస్తే ఎక్కడిదక్కడ ఆగాలి. సైగ తప్పిందా, కిందవాడి నెత్తిన పడుతుంది. అలాంటి మనిషి కాళ్లకి చెప్పులేసుకుని ఇల్లంతా చెప్పులు వెతుకుతుంటే నాకు అన్నం సయిస్తుందా?

డాక్టరు బలం మాత్రలు రాసి, బీడీలు మానమన్నాడు, రోజూ నడవమన్నాడు. పక్కింటావిడ సరస్వతి ఆకు మంచిదంది. ఇంకెవరో సొరచేప నూనె గుళికలన్నారు. అన్నీ మొదలెట్టాను. పరగడుపున ఆకు ముద్ద, తర్వాత నానబెట్టిన బాదంపప్పులు, ఆపైన గుళిక. ఆయన తేన్చితే ఇల్లంతా చేపల రేవే. తెల్లారగట్ల బీచిలో నడక. ఒక్కణ్ణీ వదిలితే ఎటు పోతాడోనని మోకాళ్ల నొప్పులతో వెనకాల నేను!

"గుళికేసుకున్నావా బావా?"

"ఏసుకున్నాననుకుంతన్నాను."

"అనుకోడమేటి? ఏసుకున్నావా, నేదా?"

"నువ్వే సెప్పు."

ఓరి దేవుడా! తల ప్రాణం తోకకొచ్చేది. ఓనాడు పెరట్లో దర్జాగా బీడీ కాలుస్తూ దొరికాడు.

"మానేసేవు గదా!"

"మానేసేనని మర్సిపోనానే," అన్నాడు, ఎంతో అమాయకంగా. నవ్వాలో, ఆ బీడీతోనే వాత పెట్టాలో తెలియలేదు.

కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చేశాడు. వెంట వించి నడిపే అతను.

"బరువు గాల్లో ఉందమ్మా. ఈయన పిడికిలి బిగించేసేడు. మేస్త్రీ ఎంత తిట్టినా సెయ్యి దించడే! కిందోళ్లందరూ పైకొచ్చీదాకా అలాగే నిలబడిపోనాడు," అని చెప్పాడతను.

మా ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "కిందోళ్లు తప్పుకున్నారో నేదో గుర్తు రానేదే. పని మానేత్తన్నానని సెప్పేసి వచ్చేసేను. ఉంటే ఎవుణ్ణో సంపేత్తాను."

అలా అంటున్నప్పుడు ఆయన మొహం చూశాను. చూడలేక, మంచినీళ్లు తెచ్చే వంకతో లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు నడక నుంచి వచ్చాక, ఖాకీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కేరేజీ ఏదే? టైమైపోతంది."

'మానేసేవు గదా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నిన్నటి ఆ మొహం మళ్లీ చూడలేను. రోజూ పొద్దున్నే చూడడం అసలే నా వల్ల కాదు.

"ఇయ్యేల నీకు సెలవు బావా."

"అవునేటి?" మొహం విప్పారింది. "అయితే సేపలట్టుకొత్తానుండు."

చొక్కా విప్పి కొయ్యకి తగిలించి, సంచీ పుచ్చుకుని హుషారుగా వీధిలోకి దిగాడు.

"ఆగు, నానూ వత్తన్నాను!" అని అరిచాను. గొంతులో ఏడుపు వినపడకుండా ఉండాలంటే అరవక తప్పలేదు.