తేలని గుడ్లు

తెలంగాణలో జిల్లాలు చిన్నవైన కొత్తలో, మిర్యాలగూడ నుంచి నన్ను సూర్యాపేటలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు సహాయ సంచాలకుడిగా బదిలీ చేశారు. హోదా పెద్దగా వినిపిస్తుంది గాని, పనిలో ఎక్కువ భాగం పేడనూ పెంటికలనూ పరీక్షించడమే. బతికున్న జంతువు కడుపులో ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టలేం. అవి పెట్టే గుడ్లు పేడతో బయటికొస్తాయి. గ్రాము పేడలో ఎన్ని గుడ్లున్నాయో చూసి తీవ్రతను అంచనా వేస్తాం. మందలోని గొర్రెకైనా, సాగర్ అడవిలోని జింకకైనా పద్ధతి ఇదే. జింకను పట్టుకోలేం కనుక అది వెళ్లిపోయాక పెంటికలు ఏరుకుంటాం, అంతే తేడా.

ఆ ఏడు వానలు తగ్గాక గరిడేపల్లి వైపు నుంచి మల్లయ్య అనే గొర్రెల కాపరి వచ్చాడు. వెంట చనిపోయిన తమ్ముడి భార్య సైదమ్మ. మందను మేపేది ఆమే, ఇక్కడికి రావాలని పట్టుబట్టిందీ ఆమే. గొర్రెలు చిక్కిపోతున్నాయి. కొన్నింటికి కింది దవడ నీరు పట్టి వేలాడుతోంది.

అక్కడ దేవతకు మొక్కిన యాటను, అంటే పొట్టేలును, బలికి ముందు నిలబెట్టి నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే జడ్త ఇచ్చిందంటారు, అంటే దేవత ఒప్పుకుందని. వీళ్ల యాట కదలకుండా నిలబడిపోయింది. సైదమ్మ ముట్టుతో దొడ్లో అడుగుపెట్టింది కనుకనే తల్లికి కోపం వచ్చిందని ఊరు తీర్పు చెప్పేసింది. మల్లయ్య ఆమెను కోదాడలోని పుట్టింటికి పంపడానికి సిద్ధమయ్యాడు. మంద వదిలి వెళ్తే ఆమెకు బతుకుతెరువు లేదు.

"రోగమైతే పరీక్షల దొరకాలె గద సారూ? కోదాడల పెంటికలు సూపెట్టిన. ఏం తేలలేదన్నరు," అన్నాడు మల్లయ్య.

"ఆడ తేలకపోతే తెచ్చి నా మీద తేల్చిన్రు," అంది సైదమ్మ.

ఏ పద్ధతిలో చూశారో కోదాడకు ఫోన్ చేసి అడిగాను. ఉప్పునీటి పద్ధతి అన్నారు. చిక్కటి ఉప్పునీటిలో పెంటికలు కలిపితే తేలికైన గుడ్లు పైకి తేలుతాయి. చాలా రకాల పురుగులకు అది చాలు. కానీ కార్జంలో, అంటే కాలేయంలో, చేరే ఆకులాంటి పురుగు ఒకటుంది, దాన్నీ జలగ అనే అంటారు. దాని గుడ్లు బరువు, అవి మునుగుతాయి. తేలలేదన్న మాట అక్షరాలా నిజమే. దాన్ని లేవని అర్థం చేసుకోవడంలోనే చిక్కంతా ఉంది. పైగా సైదమ్మ మేపేది కాలువ ఊట నిలిచే మడుల్లో. అక్కడి నత్తల్లోనే జలగ పిల్లలు పెరుగుతాయి.

పెంటికలను నీళ్లలో కలిపి వడపోసి, పేరుకోనిచ్చి, పైనీళ్లు వంచేసి, తేటపడేదాకా అదే పని చేశాను. అడుగున మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని కింద పెట్టి మల్లయ్యను చూడమన్నాను. ఒక కన్ను మూయడం రాక కాసేపు తంటాలు పడ్డాడు.

"బావా, నన్ను సూసినట్టు కొరకొర సూడకు. జర నిమ్మలంగ సూడు," అంది సైదమ్మ.

"గివి గుడ్లా? సెమ్కీల లెక్క మెరుస్తున్నయ్ గద! అయితే తల్లికి కోపం రాలేదంటవా సారూ?"

తల్లి కోపం నా పరికరానికి అందదని చెప్పి, జలగల మందు ఇచ్చాను. ఊట మడుల వైపు మందను తోలవద్దన్నాను.

కొన్ని వారాల తర్వాత ఇద్దరూ మళ్లీ పెంటికలు పట్టుకొని వచ్చారు. మల్లయ్య గుమ్మంలోనే అందుకున్నాడు. "సారూ, యాట జడ్త ఇచ్చింది! తల్లి శాంతించింది."

"తల్లి దయనో, మందు దయనో, ఇగ నన్ను పొమ్మనకు," అంది సైదమ్మ.

"యాడికి పోతవ్? మందనెవడు మేపుతడు, నీ అయ్యనా?" అన్నాడతను. రాజీ మాట అదేనని ఆమె నవ్వు చెప్పింది.

ప్రయోగశాలలోని తోటి వైద్యురాలు సంబరపడి, ఈ జడ్తనే సాక్ష్యంగా చూపి ఊళ్లో సభ పెడదామంది. నేను ఒప్పుకోలేదు. యాట కదలకపోవడం సైదమ్మ తప్పుకు రుజువు కానప్పుడు, కదలడం నా మందుకు రుజువెలా అవుతుంది? మనకు అనుకూలంగా విదిలించిందని యాటను సాక్షిగా పిలిస్తే, వాళ్ల వాదనకూ మన వాదనకూ తేడా ఏముంది? కొత్త పెంటికలను మునుపటిలాగే కడిగి చూశాను. గుడ్లు కనిపించలేదు. నివేదికలో ఆ ఒక్కటే రాశాను.

తర్వాత నేను ఎక్కువగా ఆలోచించింది ఇంకో ప్రశ్న గురించి. మొదటిసారి అడుగు మడ్డిలోనూ ఏమీ దొరక్కపోయి ఉంటే? గొర్రెల జబ్బుకు కారణం తెలియదని అర్థమయ్యేది, అంతే. సైదమ్మ కారణమని కాదు. రుజువు చూపాల్సిన బాధ్యత నింద వేసినవాళ్లది. ఒక మనిషి నిర్దోషి అని చెప్పడానికి జలగ గుడ్డు దొరకాల్సిన అవసరం లేదు.