శుక్రవారం పాయసంలో దొరికిన చక్కెర

మా చిన్నప్పుడు... ఖతార్‌లో, మెసయీద్ కంపెనీ క్వార్టర్స్‌లో, శుక్రవారం వస్తే మా ఇంట్లో పెద్ద తపేలా పొయ్యెక్కేది. నాన్న స్నేహితులు, పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు, తాముండే క్యాంప్ నుంచి భోజనానికి వచ్చేవారు.

ఒక వారం మాత్రం నాకు తిండి మీద ధ్యాస లేదు. ఏదైనా ఒక ఇంగ్లీషు మాట పుట్టుక తెలుసుకుని శనివారం క్లాసులో చెప్పమన్నారు టీచర్. మన దేశం నుంచి వెళ్ళిన మాటే తెస్తానన్నాను. పక్క బెంచీ షీబా నవ్వింది. మన దగ్గర ఇంగ్లీషువాళ్ళు మాటలు అప్పు తీసుకోవడమా అంది. తెచ్చి తీరాలనుకున్నాను.

గురువారం అమ్మ పంచదారకి పంపింది. కొట్లో ఒక అరబ్బాయన "సుక్కర్" అని అడిగి అదే పొట్లం తీసుకున్నాడు. సుక్కర్... షుగర్... దగ్గరి చుట్టాలే. కానీ మా పంచదార వాటికి ఏమీ కాదు. దిగులుగా ఇంటికొచ్చాను.

మర్నాడు భోజనాల్లో అమ్మ సేమ్యా పాయసం పోసింది. కరీంనగర్ వైపు రాజన్న బాబాయ్ ఒక గుక్క తాగి, "వదినా, చక్కెర జర తక్కువ పడ్డది," అన్నాడు.

నేను తినడం ఆపేశాను. "ఏమన్నారు బాబాయ్?"

"చక్కెర బిడ్డా. మీరు పంచదారంటరు, మేం చక్కెరంటం. తియ్యగుంటే సాలు, పేరేదైతేంది."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "పంచామృతంలో వేసేటప్పుడు మనమూ శర్కర అనే అంటాం గదే."

శర్కర, చక్కెర, సుక్కర్, షుగర్... అయినా ఊహ చెప్పి నవ్వులపాలు కాదలచుకోలేదు. శనివారం బెల్లు కొట్టకముందే లైబ్రరీకి వెళ్ళి, మాటల పుట్టుక చెప్పే లావుపాటి డిక్షనరీ దించాను. ఉంది! సంస్కృతంలో శర్కర అంటే ముందు ఇసుక, గులకరాళ్ళు... పంచదార పలుకులూ అలాగే ఉంటాయని దానికీ ఆ పేరు. అక్కణ్ణించి పారసీకం, అరబ్బీ, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి.

క్లాసులో అంతా చెప్పాను. మధ్యాహ్నం షీబా తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "వచ్చే శుక్రవారం మీ ఇంటికి నేనూ రానా?" అంది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌ని అడిగితే ఏ మాట పుట్టుకైనా క్షణంలో చెప్పేస్తుంది. మంచిదే... కానీ పాయసం గిన్నె పట్టుకుని "జర తక్కువ పడ్డది" అనే మనిషి ఎదురుగా ఉండడు కదా.

మా వంటింట్లో ప్రతి డబ్బాకీ పేరు రాసి అంటిస్తాను. గోదావరి జిల్లా దాన్నే అయినా, పంచదార డబ్బా మీద ఇప్పటికీ "చక్కెర" అనే ఉంటుంది.

మీకు అలా భోజనాల దగ్గర దొరికిన మాట ఏది... ఎవరి నోటి నుంచి?