రంగులక్క ఇచ్చిన మాట

ఊళ్ళో పింగాణీ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ కప్పుల అంచున నీలం గీత గీసింది ఆమే. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె రంగులక్క. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత కుర్చీలకీ కిటికీలకీ రంగులేస్తూ ఎలాగో నెట్టుకొచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచీ ఆమె చేతుల మీదే పెరిగిన తమ్ముడు మాత్రం మున్సిపాలిటీలో కౌన్సిలరయ్యాడు.

ఒకరోజు ఆ తమ్ముడు ఆయాసపడుతూ వచ్చాడు.

"అక్కా, మన ఫ్యాక్టరీ తెరిపిస్తున్నారు! డబ్బు కేంద్రానిది, స్థలం మున్సిపాలిటీది. పని తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారని మనం చూపించాలి. కానీ నీతో పనిచేసిన ఆడవాళ్ళంతా పక్క ఊరి నూలు మిల్లుకి పోతామంటున్నారట. నువ్వే ఆపాలి."

"నేను చెప్తే ఆగుతారంట్రా?"

"నీ మాట కాదనేవాళ్ళెవరు?"

నిజమే. ఆమె గడప గడపా ఎక్కి దిగింది. ఫ్యాక్టరీలో టీ కెటిల్స్‌కి మూతలు చేసిన మూతల వదిన అప్పటికే మిల్లుకి పోవడానికి బట్టలు సర్దుకుని ఉంది. "మీ తమ్ముడొచ్చి చెప్తే తలుపు కూడా తీసేదాన్ని కాదు. నువ్వన్నావు కాబట్టి ఆగుతున్నా," అని సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

కేంద్ర మంత్రి వచ్చాడు. అన్నాళ్ళూ ఒకరినొకరు తిట్టుకున్న మంత్రీ మున్సిపల్ ఛైర్మనూ చల్లారిన బట్టీ ముందు చేతులు కలిపి ఫొటో దిగారు. వెనక వరసలో ఆడవాళ్ళంతా నవ్వుతూ నిలబడ్డారు. ఆ రాత్రి రంగులక్కకి సంతోషంతో నిద్ర పట్టలేదు.

కొన్నాళ్ళకి లారీలొచ్చాయి. వాటిలోంచి మట్టి దిగలేదు, ఇనుప అరలు దిగాయి. గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగితే, "గోడౌనమ్మా. ఆన్‌లైన్ సామాన్ల కంపెనీది," అన్నాడు. మున్సిపాలిటీకి వెళ్తే అది కేంద్రం నిర్ణయమన్నారు. కేంద్రం ఆఫీసుకి ఫోన్ చేస్తే మీ మున్సిపాలిటీయే కోరిందన్నారు.

ఆమె నేరుగా తమ్ముడింటికి వెళ్ళింది. అతను అన్నం తింటున్నాడు.

"నీకెప్పుడు తెలిసిందిరా?"

అతను కంచంలోంచి తలెత్తలేదు. "మంత్రిగారు రాకముందే."

"మరి మమ్మల్నెందుకు నిలబెట్టావు?"

"జనం కనిపిస్తేనే నిధులొస్తాయక్కా. ఊరికి ఏదో ఒకటి వచ్చింది కదా! గోడౌన్లో నీకు కూర్చుని చేసే పని మాట్లాడి పెట్టాను."

"మిగతావాళ్ళకో?"

"వయసులో ఉన్నవాళ్ళే కావాలంటున్నారు."

అతను మోసం చేసినందుకు కాదు, ఆ మోసంలో తనకో వాటా కూడా తీసిపెట్టినందుకు ఆమెకి అసహ్యమేసింది. వెంటనే బయటికొచ్చేసింది.

మళ్ళీ అవే గడపలు. మిల్లులో ఖాళీలు ఎప్పుడో నిండిపోయాయి. మూతల వదిన గుమ్మంలోనే నిలబడింది.

"నీకూ తెలుసా?"

"తెలీదు వదినా."

"నమ్ముతాను. నమ్మి నేనేం చేసుకోను?" అని తలుపు మెల్లగా వేసేసింది. అరిచినా బాగుండుననిపించింది రంగులక్కకి.

కౌన్సిల్ సమావేశంలో లేచి, తమ్ముడు తనతో ఏమన్నాడో అందరి ముందూ పూసగుచ్చినట్టు చెప్పింది. ఛైర్మన్ విని, గుమాస్తాకి నమోదు చేసుకోమని చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. గోడౌన్ తెరుచుకుంది. ఆమె అందులో అడుగు పెట్టలేదు.

తమ్ముడు ఇప్పటికీ వస్తుంటాడు. "అక్కా," అని గుమ్మంలో నిలబడతాడు. ఆమె కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి అడుగుతుంది:

"చెప్పండి కౌన్సిలర్ గారూ, ఏం పని మీద వచ్చారు?"