సాటిన్ ముక్క అడిగిన మేస్త్రి

మీరే చెప్పండి, చెక్క మీద దుమ్ము తుడుచుకోవడానికి ఎవరైనా సాటిన్ గుడ్డ అడుగుతారా? పాత బనియను అడుగుతారు, చిరిగిన తువ్వాలు అడుగుతారు. మా బావ మాత్రం సాటినే కావాలన్నాడు. అదీ కొత్తది, ముడత లేనిది.

నాది కుట్టు షాపు. పక్కది బావ వడ్రంగి షాపు. బావంటే మా అక్క మొగుడు. రెండు షాపులకీ మధ్య ఒక్కటే గోడ. ఆయన చెక్క నున్నగా చేసే శాండింగ్ మిషన్ వేశాడంటే ఇవతల నా గుండుసూదుల డబ్బా గలగలమంటుంది. ఆ రోజు ఆ గలగల ఆగింది, ఆయన నా గుమ్మంలో నిలబడ్డాడు.

"సాటిన్ ముక్కలేమైనా పారేస్తున్నావా?"

"దేనికి బావా?"

"దుమ్ము తుడవడానికేనమ్మా."

"సాటిన్‌కి దుమ్మంటదు. జారిపోతుంది."

"ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదను. పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ఆ ప్రశ్నలేంటి?"

నవ్వేసి గుప్పెడు ముక్కలు ఇచ్చాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు, కొత్తవి, ముడత లేనివి కావాలంటూ. ఈసారి నవ్వు రాలేదు.

మా బావని అందరూ అద్దం మేస్త్రి అంటారు. ఆయన బల్ల చేశాడంటే మీద చెయ్యి వేస్తే జారాల్సిందే. పని అయ్యాక కళ్ళు మూసుకుని, వేళ్ళ కొనలతో చెక్కంతా మెల్లగా తడుముతాడు. ఒకచోట ఆగుతాడు. అక్కడ మనకేమీ కనిపించదు. ఆయన మాత్రం "ఇక్కడ ఉంది" అని మళ్ళీ రుద్దుతాడు. కూర కుదిరిందో లేదో మా అక్కకి నాలుక చెబితే, చెక్క కుదిరిందో లేదో ఆయనకి వేళ్ళు చెప్పేవి.

మొదట్లో చెక్క ముక్కకి శాండ్ పేపరు చుట్టి చేత్తోనే రుద్దేవాడు. తర్వాత ఎవరో వాడి వదిలేసిన మిషన్ ఒకటి కొన్నాడు. రాండమ్ ఆర్బిటల్ శాండర్ అంటారు దాన్ని. అరచేతిలో పట్టుకుంటే కింద గుండ్రటి పేపరు తన చుట్టూ తాను తిరుగుతుంది, తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. అందుకని ఒకేచోట గీత పడదు. మంచి మిషనే, కానీ బావ చేతికొచ్చేసరికే ముసలిదైపోయింది. పేపరు అతికించే కింది మెత్త ఒక పక్క అరిగింది, లోపల బేరింగు వదులైంది. పైగా బావకి చేత్తో రుద్దిన అలవాటు పోలేదు. మిషన్ మీద ఒళ్ళంతా వాల్చి నొక్కేవాడు. నొక్కితే అది తిరగడం మానేసి వణుకుతుంది. ఆ వణుకంతా చేతిలోకి పోతుంది. ఏళ్ళ తరబడి అలాగే చేశాడు.

రెండోసారి సాటిన్ పట్టుకెళ్ళిన రోజే టీ తెప్పించాను. స్టీలు గ్లాసు. నేను చీర కొంగుతో పట్టుకుని కూడా చెయ్యి మార్చుకుంటున్నాను. బావ గ్లాసు చుట్టూ వేళ్ళు బిగించి, తీరిగ్గా కబుర్లు చెబుతున్నాడు.

"బావా, చెయ్యి కాలట్లేదా?"

ఆయన గ్లాసు వైపు చూశాడు. అప్పుడు కింద పెట్టాడు. "చలికి కాస్త మొద్దుబారాయిలే" అన్నాడు.

చలి పొద్దున్న ఉంది నిజమే, మిట్టమధ్యాహ్నం ఎక్కడుంది? ఆయన వెళ్ళేటప్పుడు చూశాను, చొక్కా పైగుండీ దాని కన్నంలో లేదు. కింది కన్నంలో ఉంది.

కాసేపాగి గోడ అవతలికి వెళ్ళాను. బావ నన్ను చూడలేదు. వీధి చివర చిన్నపిల్లల బడికి పొట్టి బల్లలు చేస్తున్నాడు. ఒక బల్ల అంచు మీద సాటిన్ ముక్క పరిచి మెల్లగా లాగుతున్నాడు. కళ్ళు మూసుకోలేదు. ముక్కు చెక్కకి ఆనేలా వంగి, గుడ్డ వైపే చూస్తున్నాడు. ఒకచోట పోగు పట్టుకుని లేచింది. "ఇక్కడ ఉంది" అనుకున్నాడు తనలో తాను.

నేను కుట్టుపని చేసేదాన్ని. గోరు చివర చిన్న చీలిక ఉన్నా సాటిన్ పట్టేసుకుంటుందని నాకు తెలుసు. ఆయన వేళ్ళు చెప్పడం మానేశాయి. అందుకని నా గుడ్డని అడుగుతున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. తర్వాత చేతులు చాచి చూపించాడు. వేళ్ళ కొనలు తెల్లగా, మైనంలా ఉన్నాయి. "ముందు రాత్రిళ్ళు తిమ్మిరెక్కేవి. ఇప్పుడసలు చెక్కకీ గాజుకీ తేడా తెలియట్లేదు. మీ అక్కకి చెప్పకు. పని మానెయ్యమంటుంది. ఇది తప్ప నాకేమొచ్చు?"

"బడి పంతులమ్మ ఏం చెప్పిందో గుర్తుందా?"

"గుర్తుంది. పిల్లలు అంచు పట్టుకుని లేస్తారు, ఒక్క ముల్లు కూడా గుచ్చుకోకూడదంది. అందుకేగా నిద్ర పట్టంది."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్కకి బాగా తెలుసు. అందుకని ఆ వారమంతా అక్క కంట పడకుండా తిరిగాను. కుట్టు మధ్యలో లేచి వెళ్ళి బల్లల అంచులు తడిమి వచ్చేదాన్ని. "ఇక్కడ గరుకు. ఇక్కడ బాగుంది." ఆయన తల ఊపేవాడు. ముళ్ళయితే నాకు తెలుస్తాయి గానీ, చెక్క మీద సన్నటి గీతల సంగతి నాకేం తెలుసు? గోడ అవతల మిషన్ ఎక్కువసేపు మోగితే భయం, ఆగిపోతే ఇంకా భయం.

భయపడ్డట్టే అయింది. మొదటి బల్లకి పాలిష్ వేశాడు. చెక్కకి పాలిష్ తగిలేదాకా తప్పు దాక్కుంటుంది, తగలగానే బయటికొచ్చేస్తుంది. బల్లంతా చిన్న చిన్న సున్నాలు, ఉంగరాల జుట్టు కత్తిరించి పారబోసినట్టు. నొక్కి పట్టిన చోటల్లా గీతలు పడ్డాయి. ముతక పేపరు తర్వాత మధ్యరకం పేపరు వెయ్యకుండా సరాసరి సన్నదానికి వెళ్ళిపోయాడు. పాత గీతలు పోయాయో లేదో వేళ్ళకి తెలియలేదు మరి. అద్దం మేస్త్రి బల్ల మీద అలాంటి గీతలు నేనెప్పుడూ చూడలేదు.

ఆయన బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే అన్నం క్యారేజీ పట్టుకుని అక్క వచ్చింది.

అక్క బల్ల వైపు చూసింది. ఆయన చేతుల వైపు చూసింది. నా వైపు చూసింది. చివరికి నాతోనే అంది.

"నీకు తెలుసన్నమాట."

"అది కాదక్కా..."

"నోర్ముయ్. నువ్వూ నీ బావా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుందట. గుండీలు తప్పు కన్నాల్లో ఉన్నాయని రోజూ చూసేదెవరనుకున్నావ్? నేను కాదూ? ఈయన ఎప్పుడు చెబుతాడా అని చూస్తున్నా."

బావ తల దించుకున్నాడు. అక్క తిడుతూనే ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. "ఐసుగడ్డల్లా ఉన్నాయి" అంది.

డాక్టరు బావ వేళ్ళని సూదితో పొడిచి, దూదితో తాకి చూశాడు. వణికే మిషన్ అదే పనిగా పట్టుకోవడం వల్లే అన్నాడు. ఆ పాతది ముట్టుకోవద్దు, చేతులు వెచ్చగా ఉంచుకో, మధ్యమధ్యలో ఆపు అన్నాడు. "స్పర్శ తిరిగొస్తుందా?" అని అక్క అడిగితే, "రావచ్చు, రాకపోవచ్చు. కొన్నాళ్ళాగి మళ్ళీ రండి, చూసి చెబుతాను" అన్నాడు. దారంతా బావ వేళ్ళు రుద్దుకుంటూనే నడిచాడు.

బల్లలు ఇవ్వక తప్పదు కాబట్టి ముగ్గురం పనిముట్ల షాపుకి వెళ్ళాం. షాపాయన అన్నిటికంటే పెద్దది తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇది తీసుకోండమ్మా, పని చకచకా అయిపోతుంది."

"పనికంటే ముందు మనిషి అయిపోకూడదుగా బాబూ" అంది అక్క.

ఆయన తగ్గాడు. అరచేతిలో ఇమిడేవి ఒక్కొక్కటీ చూపించాడు. మిషన్ మెత్తకున్న చిల్లులూ పేపరుకున్న చిల్లులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి రావాలి, లేకపోతే దుమ్ము లోపలే ఇరుక్కుని చెక్కని గీస్తుందన్నాడు. వేగం తగ్గించే చక్రం ఉన్నది మంచిదన్నాడు. కొన్ని గాల్లోకి లేపగానే పిచ్చిపట్టినట్టు తిరుగుతాయి, అలాగే చెక్క మీద దించితే గుంట పడుతుంది, అలా తిరగకుండా లోపల బ్రేకు ఉన్నది చూసుకోవాలన్నాడు.

అక్క ఒకటి పట్టుకుని బావకి ఇచ్చింది. చెక్క మీద వేసి చూపించమంది. "ఊపు ఎలా ఉంది?"

బావ కాసేపు పట్టుకుని ఆపేశాడు. మెల్లగా అన్నాడు. "నాకెలా తెలుస్తుందే. నువ్వే పట్టుకుని చూడు."

షాపాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అక్క షాపాయన కోసం వచ్చిన టీ గ్లాసు తీసి చెక్క చివర పెట్టింది. ఒక్కో మిషనూ వేసి గ్లాసు వైపు చూసింది. ఒకదానికి టీ ఒలికింది. ఒకదానికి అలలు లేచాయి. ఒకదానికి పైన సన్నగా మీగడ ముడతలా కదిలిందంతే. "ఇదే" అంది. నేనూ పట్టుకుని చూసి "ఇదేలే" అన్నాను. బావ మిషన్‌ని మా ఇద్దరి చేతులూ ఎంచాయి.

ఆ తర్వాత బల్లలన్నీ మొదటి నుంచి. అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. చెక్కంతా పెన్సిలుతో పిచ్చిగీతలు గీసేది. అవి మొత్తం పోయాకే ఇంకాస్త సన్నటి, తర్వాతి నంబరు పేపరు. ఒక్క నంబరు కూడా దాటెయ్యకూడదు. మిషన్ చెక్క మీద ఆనించాకే స్విచ్చి వెయ్యాలి.

"నొక్కకు."

"నొక్కట్లేదే!"

"నొక్కుతున్నావ్. నిద్రపోయే పిల్లాడి వీపు మీద చెయ్యేసినట్టు ఉండాలి. లేపుతావేంటి వాణ్ణి?"

"ఇక మేస్త్రివి నువ్వే. బోర్డు మీద పేరు మార్పించు."

బల్లలు బడికి వెళ్ళాయి. పంతులమ్మ చెయ్యి వేసి చూసి బాగున్నాయంది. ఇంకా కొన్ని కుర్చీలు కూడా చెయ్యమంది. బావ సరేనన్నాడు గానీ ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదట. "బాగున్నాయని ఆవిడంటోంది, మీరంటున్నారు. నాకు తెలియొద్దూ?" అన్నాడట.

నేను ఆయన చొక్కాలన్నిటికీ గుండీలు పీకి టిచ్ బటన్లు కుట్టాను. ఈ పొద్దున్న వాటిని టపటపా నొక్కుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. మళ్ళీ రమ్మన్న రోజు దాటిపోయింది. అక్క గొడవపెట్టి పంపింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చంకలో శాండ్ పేపర్ల కట్ట.

"డాక్టరేమన్నాడు బావా?"

"పేపర్లు అయిపోయాయని గుర్తొచ్చింది. అటు వెళ్ళాను."

"షాపు ఇటు. డాక్టరు అటు."

బావ పేపర్ల కట్ట బల్ల మీద పెట్టాడు. టీ పోసి గ్లాసు ఇచ్చాను. అందుకోబోయి ఆగాడు.

"వేడిగా ఉందా?" అని నన్నడిగాడు.

"ఉంది. అక్క వచ్చేలోపు వెళ్ళొచ్చెయ్ బావా. ఆసుపత్రి ఇంకా తెరిచే ఉంటుంది."

"వెళ్తాలే. ఈ కుర్చీ అంచు ఒక్కటి చూసుకుని వెళ్తా."

గోడ అవతల మిషన్ మొదలైంది. కొత్తది కదా, నా గుండుసూదుల డబ్బా కదల్లేదు. నడుస్తోందా ఆగిందా అని చెవి పెట్టి వింటున్నాను.